వాల్‌పేపర్ నాలుగు రోళ్లు తీసుకో

చిరంజీవి చిన్నోడికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. దాళ్వా వరి కోతలు అయిపోయాయి, కాలవలకి నీళ్లు కట్టేశారు. నాన్నగారి మోకాలు ఎప్పటిలాగే. సంక్రాంతికి వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి నీ ఫోను రెండు నిమిషాలు దాటడం లేదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్నయితే మధ్యలో కట్ చెయ్యలేవు.

మొన్న ఆ గోడ ఫొటో పెట్టి, వాల్‌పేపర్ మూడు రోళ్లు సరిపోతాయా అని అడిగావు. గోడ వెడల్పు 12 అడుగులు, ఎత్తు పదిన్నర, గుణిస్తే 126 చదరపు అడుగులు, రోలుకి 57 వస్తుంది కాబట్టి మూడు అని నీ లెక్క. ఇన్నేళ్లు కుట్టు మిషను తొక్కినదాన్ని, చెబుతున్నా విను. గుడ్డయినా కాగితమైనా అలా కొనకూడదు. ముందు పన్నా, అంటే వెడల్పు, చూడాలి. ఆ రోలు పన్నా 21 అంగుళాలు, పొడవు 10 మీటర్లు, అంటే 33 అడుగులకి రెండంగుళాలు తక్కువ. నీ గోడ 144 అంగుళాలు. ఆరు పట్టీలు వేసినా ఇంకా కాస్త గోడ మిగులుతుంది, ఏడోది కావాలి. పైన రెండు, కింద రెండు అంగుళాలు వదిలి కొయ్యాలి కాబట్టి పట్టీ 130 అంగుళాలు. సాదా కాగితమైతే రోలుకి మూడు పట్టీలు సరిగ్గా దిగుతాయి, నీ మూడు రోళ్లూ చాలు. కానీ నువ్వు మెచ్చింది పెద్ద ఆకుల డిజైను. అది 21 అంగుళాలకోసారి మళ్లీ మొదలవుతుందని ఆ డిజైను బొమ్మ కిందే రాసి ఉంది. పక్క పట్టీలో ఆకు ఈ ఆకుతో కలవాలంటే 130 దగ్గర ఆపలేవు, 147 దాకా పోవాలి. అప్పుడు రోలుకి రెండే పట్టీలు. మొత్తం నాలుగు రోళ్లు.

ఆ గదిలో బల్ల వేసుకుని ఇక ఇంట్లోంచే పని అన్నావట. నాకు చెప్పలేదులే, అంబాజీపేట మావయ్య చెప్పాడు. మీ ఆఫీసులో చాలామందిని తీసేశారని కూడా వాడే అన్నాడు. వాడు కొబ్బరికాయల ధర చెప్పినా నేను సగమే నమ్ముతాను. నేనేం అడగడం లేదు.

రాజోలు పిన్ని కర్టెన్ల సంగతి నీకు గుర్తుందో లేదో. బుజ్జి నిశ్చితార్థానికి హాలు నిండా కొత్తవి కావాలంది. గుమ్మం ఎత్తు 7 అడుగులు, మడతలకి ఎనిమిది అంగుళాలు, పన్నెండు కర్టెన్లు. నన్ను అడగకుండా పాలకొల్లు వెళ్లి, 92 అంగుళాల చొప్పున లెక్కగట్టి గుడ్డ తెచ్చేసింది. ఆ పువ్వేమో రెండడుగులకోసారి వస్తుంది. పువ్వు పువ్వుతో కలవాలంటే ఒక్కోటీ 96 కొయ్యాలే అంటే, నాలుగంగుళాలకి ఏమవుతుంది అంది. పదకొండు కుట్టేసరికి పన్నెండోదానికి సగం గుడ్డ మిగిలింది. మళ్లీ పాలకొల్లు పరుగు. ఆ తాను అయిపోయింది, అదే డిజైను కొత్త తాను ఇచ్చారు. రంగు కాస్త ముదురు. వంటింటి గుమ్మానికి వేస్తే కనబడదులే అనుకున్నాం. మగపెళ్లివారి పెద్దావిడ లోపలికి వస్తూనే దాని ముందు నిలబడి, ఇదొక్కటీ ఉతకలేదా అంది! పిన్ని ఇప్పటికీ ఆ మాట నా మీదే వేస్తుంది.

అందుకని నాలుగూ ఒకేసారి తీసుకో. లేబుళ్ల మీద లాట్ నంబరు నాలుగింటికీ ఒకటేనా చూసుకో. తరవాత ఒకటి కొంటే రంగు తేడా రావచ్చు. ఆ గోడ అవతల బాత్‌రూమ్ ఉందా? చెమ్మ ఉంటే కాగితం నిలవదు, లోపల బూజు పడుతుంది. మన పడమటి గోడ ఏటా వానలకి ఎలా పొక్కుతుందో చూస్తూనే పెరిగావు. పాత సున్నం రాలుతుంటే గీకించి, ప్రైమర్ వేయించాకే అంటించు. ఇంటివాళ్లని అడిగావా? అద్దె ఇంటికి ఇంత ఖర్చెందుకని నాన్నగారు అంటున్నారు. నేను అనడం లేదు. మనిషన్నాక చేతిలో నాలుగు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవాలి, క్రెడిట్ కార్డు మీద గోడలు అలంకరించుకోకూడదు, ఉద్యోగం ఉన్నవాళ్లయినా సరే. లెక్చర్ ఇవ్వనని నాన్నగారికి మాటిచ్చాను, ఇక్కడితో ఆపుతున్నా.

పొద్దున్న టిఫిన్ తింటున్నావా? ఫొటోలో బల్ల మీద బిస్కెట్ ప్యాకెట్లే కనబడ్డాయి. ఆ వేళప్పుడు ఇంట్లో ఎందుకున్నావో కూడా అడగలేదు, మంగళవారం కదా అది. కొత్తావకాయ, ఆత్రేయపురం పూతరేకులు బుజ్జి చేత పంపుతున్నాను. పూతరేకులకి తేమ తగలనీయకు.

కొబ్బరికాయల డబ్బు వచ్చింది. నాన్నగారు కొంత నీ అకౌంట్‌లో వేస్తారు. వాల్‌పేపర్‌కే అనుకో. బిల్లు ఎవరూ అడగరు.

అమ్మ