ప్రమాద పరిహారం వడ్డీలో కోసిన టీడీఎస్: శ్రీకాకుళం ఆదాయపన్ను అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గాయానికో మరణానికో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఇచ్చే అసలు పరిహారం మీద పన్ను లేదు. 2024-25లో అందుకున్నవారికి చిక్కంతా వడ్డీతోనే. కేసు ఏళ్లపాటు నడిచి, వడ్డీ ఒకేసారి వచ్చి 50,000 రూపాయలు దాటితే బీమా కంపెనీ 10 శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను, కోసేది. పాన్ ఇవ్వకపోతే 20. అలా పాన్ లేకుండా కోసింది 26ఏఎస్‌లో, అంటే మన పాన్ మీద జమైన పన్ను చూపే పత్రంలో, కనబడదు; కంపెనీ పాన్ చేర్చి కరెక్షన్ స్టేట్‌మెంట్ (సవరణ పత్రం) వేయాల్సిందే.

వడ్డీలో సగానికి మినహాయింపు ఉన్నా, రిటర్ను వేయనిదే రిఫండ్ రాదు. గడువు దాటితే, ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్నుతో రిఫండ్ అడగడం కుదరదు. ఆదాయపన్ను చట్టం సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యం మన్నించమని, అసెస్‌మెంట్ సంవత్సరం (డబ్బు అందిన ఆర్థిక సంవత్సరం తర్వాతిది) ముగిసిన ఐదేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి.

కాలు పోయి మంచాన పడ్డ టెక్కలి కూలీకి ఇది చెప్పేదెవరు? ఇది అతని హక్కు సొమ్ము. దరఖాస్తు నమూనా తెలుగులో అచ్చువేయించి, జిల్లా కోర్టు ఆవరణలోనే పంచండి.