తలుపు మోసుకొచ్చాం, ఇంకేం తేవాలి మంత్రిగారూ?

గౌరవనీయులైన గృహనిర్మాణ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. చెన్నై నుంచి మీకు రాస్తున్న తొమ్మిదో అర్జీ ఇది. ముందటి ఎనిమిదింటికీ రసీదులిచ్చారు, జవాబు ఒక్కదానికీ లేదు. రసీదులకైనా కృతజ్ఞతలు.

కూవం నది గట్టున సర్వేకొచ్చినవాళ్ళు మా తలుపు మీద ఎర్ర రంగుతో 43 అని రాసి వెళ్ళారు. జేసీబీ వచ్చిన పొద్దున మా అమ్మ గిన్నెలు వదిలేసి ముందు ఆ తలుపు ఊడదీయించింది, నంబరుంది కదా అని. మూడేళ్ళయింది. 42కి ఇల్లొచ్చింది, 44కీ వచ్చింది. మా సంగతేమిటంటే సర్వేలో ఉన్నట్టు రుజువేదన్నారు. మొన్న ఆ తలుపునే చేపల బండి మీద వేసుకుని ఆఫీసుకు తెచ్చాం. గుమాస్తాగారు దాన్ని ఎగాదిగా చూసి, "దీని జిరాక్సేదీ?" అన్నారు. అందరూ నవ్వారు. మా అమ్మా నవ్వింది, ఏం చేస్తుంది! ముప్పయ్యేళ్ళు ఈ ఊరి వీధులు ఊడ్చిన మనిషి.

అవతల కట్టిన ఇళ్ళు తాళాలేసి ఉన్నాయి. పగలగొట్టి దూరిపోదామంటున్నారు మా కుర్రాళ్ళు. నేనే ఆపుతున్నాను. ట్యూషన్లలో చరిత్ర చెప్పుకునేవాణ్ణి, ఇలాంటివి ఎంతదాకా పోతాయో చదివాను. ఉత్తర ఐర్లాండ్‌లో క్యాలెడన్ అనే చిన్న ఊళ్ళో, పిల్లలతో ఎదురుచూస్తున్న క్యాథలిక్ కుటుంబాలుండగా పెళ్ళికాని పంతొమ్మిదేళ్ళ ప్రొటెస్టంట్ అమ్మాయికి కౌన్సిల్ (అంటే అక్కడి స్థానిక సంస్థ) ఇల్లిచ్చారు. 1968 జూన్‌లో ఆస్టిన్ కరీ (ఆయనా మీలాగే చట్టసభ సభ్యుడే లెండి) ఆ ఇంట్లో దూరి కూర్చున్నాడు. గంటల్లోనే ఈడ్చేశారు. ఆగస్టులో ఇళ్ళ పంపకంలో న్యాయం కావాలని పాదయాత్ర జరిగింది. అక్టోబర్ 5న అక్కడి డెర్రీ నగరంలో, నిషేధించిన ఊరేగింపులో నడిచినవాళ్ళని పోలీసులు లాఠీలతో బాదారు, టీవీలో లోకమంతా చూసింది. అవసరాన్ని బట్టి మార్కులేసి ఇళ్ళిస్తామని నవంబర్లో అక్కడి ప్రభుత్వం అంది. ఆ మాట జూన్‌లో అనుంటే! మరుసటి ఆగస్టుకి వీధుల్లో బ్రిటిష్ సైన్యం దిగింది. 1972 జనవరి 30న అదే డెర్రీలో సైనికుల కాల్పులకి ఆ ఒక్కరోజే 13 మంది పోయారు. 1998లో శాంతి ఒప్పందం కుదిరేసరికి చావులు దాదాపు 3,500.

అంతా ఒక్క ఇంటివల్లేనని అనను. అక్కడి మత కక్షలు పాతవి. కానీ అర్జీ పట్టుకొచ్చినవాణ్ణి తరిమేశాక, తుపాకీ పట్టుకున్నవాడి మాటకి బలమొచ్చింది.

బెదిరిస్తున్నానని పోలీసుల్ని పంపకండి బాబూ. కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను. ఎవరికి ఏ ఇల్లు ఎందుకిచ్చారో ఆ లిస్టు గోడకి అంటించండి. మా 43 దాంట్లో లేకపోతే ఎందుకు లేదో రాయండి. జవాబివ్వండి, అంతే.

తలుపు మా టార్పాలిన్ వెనక ఆనించి ఉంది. దీపావళి వానలొస్తున్నాయి. నంబరు చెరిగేలోగా ఎవరినైనా పంపండి.

ఇట్లు,
43వ తలుపువాడు