అబ్బాయి బయలుదేరే ముందు

మిసిసాగా, అంటారియో

పూజ్యులైన అన్నయ్యకు మీ చెల్లెలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమంగా ఉన్నాము. అమ్మ, వదిన, మీరు క్షేమమని తలుస్తాను.

కెనడాలో గంజాయిని దుకాణాల్లో అమ్ముతారట, అబ్బాయిని అక్కడికి పంపడం మంచిదేనా అని వదిన ఫోనులో అడిగినప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. అమ్ముతారన్న మాట నిజమే. 2018 అక్టోబరు 17 నుంచి ఇక్కడ అది చట్టసమ్మతం. మా అంటారియోలో 19 ఏళ్లు నిండినవారు లైసెన్సు ఉన్న దుకాణంలో కొనుక్కోవచ్చు. అబ్బాయికి 22 ఏళ్లు కనుక ఇక్కడి చట్టం వాడిని ఆపదు. కాబట్టి ఒట్టు వేయించుకుని ఊరుకోకుండా, సంగతి తెలియజెప్పి పంపమని కోరుతున్నాను.

నర్సీపట్నంలో పుట్టిన మనకు గంజాయి అంటే ఏజెన్సీ నుంచి దిగే మూటలు, దారిలో పోలీసు తనిఖీలు మాత్రమే గుర్తుకు వస్తాయి. ఆ మూటల్లో ఉండేది ఆడ మొక్క పూగుత్తులు. అదే మొక్క జిగురును చరస్ అంటారు, ఆకును నూరితే భంగు అవుతుంది. మన దేశపు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూగుత్తులనూ జిగురునూ నిషేధించింది కానీ, పూగుత్తులు కలవని ఆకునూ గింజనూ గంజాయి నిర్వచనంలో చేర్చలేదు. ఇక్కడి దుకాణాల్లో ఆ పూగుత్తులనే ‘ఫ్లవర్’ అంటారు. వాటితో పాటు ఆవిరిగా పీల్చే నూనెలు, ‘ఎడిబుల్స్’ అనే చాక్లెట్లు, గమ్మీలు కూడా ఉంటాయి.

గంజాయిలో ఇండికా అనే రకం నిద్ర పుచ్చుతుందని, సటైవా అనే రకం హుషారునిస్తుందని చాలామంది చెబుతారు. 1785లో లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన దేశపు మొక్కను చూసి ఇండికా అని పేరు పెట్టాడు. అది మొక్కకు పెట్టిన పేరే తప్ప మత్తుకు పెట్టిన పేరు కాదు. పైగా రకాలన్నీ ఎంతగానో సంకరమైపోయిన ఈ రోజుల్లో పేరును బట్టి ప్రభావాన్ని ఊహించడం నమ్మదగిన పని కాదు. చూడవలసినది డబ్బా మీది అంకె. టీహెచ్‌సీ అనేది మత్తు కలిగించే పదార్థం, సీబీడీ ఆ మత్తును కలిగించదు. గ్రాముకు 200 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ అని ఉంటే నూటికి ఇరవై పాళ్లన్నమాట. అలవాటు లేనివాడికి అది చాలా ఘాటైన సరుకు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తినే రకం. పొగ పీలిస్తే నిమిషాల్లోనే తెలుస్తుంది. తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియకపోవచ్చు, తెలిశాక చాలా గంటలు వదలదు. ఎందుకంటే అది కాలేయంలో మరింత బలమైన రూపానికి మారి మెదడుకు చేరుతుంది. నిరుడు మా ఇంటి దగ్గర ఉండే మనవాళ్ల అబ్బాయి ఒకడు, స్నేహితుల గదిలో ఎవరో ఇంట్లో చేసిన కేకు ముక్క తిని, అరగంట చూసి, ఏమీ కాలేదని మరో రెండు ముక్కలు తిన్నాడు. అర్ధరాత్రి గుండె దడతో, చచ్చిపోతున్నానన్న భయంతో వణికిపోతుంటే మేమే ఆసుపత్రికి తీసుకువెళ్లాము. తెల్లవారి ఎప్పటికో తేరుకున్నాడు. దుకాణంలో కొన్న పొట్లం మొత్తంలో 10 మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండకూడదన్న నియమం ఉంది, పొట్లం మీద ఎర్రని గుర్తు ఉంటుంది. ఇంట్లో చేసిన కేకు మీద అంకె కానీ గుర్తు కానీ ఉండవు. అందుచేత ఎవరైనా మిఠాయి ఇస్తే, అందులో ఏముందో అడగకుండా నోట్లో పెట్టుకోవద్దని గట్టిగా చెప్పండి.

పాతికేళ్ల లోపు మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుందని, తరచుగా వాడితే జ్ఞాపకశక్తీ ఏకాగ్రతా దెబ్బతింటాయని వైద్యులు చెబుతున్నారు. వంశంలో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి ప్రమాదం మరీ ఎక్కువ. మన చిన్న తాతగారి సంగతి మీకు తెలుసు, వాడికి తెలియదు. ఆ మాట వాడికి మీరే చెప్పాలి.

చట్టం విషయంలో కూడా ఒకటుంది. మన మాదకద్రవ్యాల చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుందని అందులోనే వ్రాసి ఉంది. కెనడా నుంచి గంజాయిని ఏ రూపంలోనైనా సరిహద్దు దాటించడం ఇక్కడ కూడా నేరమే కనుక, ఇండియాకు వచ్చేటప్పుడు స్నేహితులు ఇచ్చిన చాక్లెట్ పెట్టెలను సైతం చూడకుండా సంచిలో పెట్టుకోకూడదు.

ఈ ఉత్తరం వాడికి కూడా చదివి వినిపించండి. ప్రశ్నలుంటే ఆదివారం నాకు ఫోను చేయమనండి; మేనత్త కోప్పడుతుందని దాచుకోవద్దని చెప్పండి. అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ చెల్లెలు