పడవ సిద్ధమైంది సరే, కాగితాల మాటేమిటి?

ప్రియమిత్రమా,

సొంత తెరచాప పడవలో దేశదేశాలు తిరిగొస్తానన్న నీ ఉత్తరం అందింది. కొత్త తెరచాపల గురించి, ఇంజను మరమ్మతు గురించి పేజీలకు పేజీలు రాశావు. కాగితాల సంగతి మాత్రం ‘అక్కడికి వెళ్లాక చూసుకుందాం’ అని తేల్చేశావు. అది చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

అందరూ వెళ్లబోయే దేశం అనుమతి గురించే ఆలోచిస్తారు. నన్నడిగితే ముందు చూసుకోవలసింది వదిలి వెళ్లే దేశం సంగతి. బయల్దేరే రేవులో కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ పూర్తి చేసుకుని తీసుకునే నిష్క్రమణ పత్రమే తర్వాతి రేవులో నీ గురించి మాట్లాడుతుంది. లాటిన్ అమెరికా రేవుల్లో దాన్ని ‘సార్పే’ అంటారు. అది చూపించకపోతే ఎక్కడి నుంచి వచ్చావు, ఏం ఎగ్గొట్టి వచ్చావు అన్న ప్రశ్నలు మొదలవుతాయి. కొందరు అధికారులు వెనక్కి వెళ్లి తెచ్చుకోమంటారు. గాలికి ఎదురుగా వెనక్కి వెళ్లడమంటే ఏమిటో నీకు నేను చెప్పాలా?

1982 నాటి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల (దాదాపు 22 కిలోమీటర్ల) వరకు ఆ దేశపు ప్రాదేశిక జలాలు. వాటి గుండా ఆగకుండా సాగిపోయే హక్కు నీకుంది. అందమైన దీవి కనిపించిందని లంగరు వేసే హక్కు మాత్రం లేదు. తుఫాను తరుముకొస్తేనో, ప్రాణం మీదికి వస్తేనో ఆశ్రయం పొందవచ్చు. అప్పుడు కూడా వెంటనే ఆ దేశపు అధికారులకు రేడియోలో చెప్పేయి.

ఆ జలాల్లోకి అడుగుపెట్టగానే తెరచాప స్తంభానికి కుడి పక్క పసుపు జెండా ఎగరేయాలి. పడవలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి అనుమతించండి అని దాని భావం. ప్రవేశ రేవుగా ప్రకటించిన చోటికే నేరుగా వెళ్లాలి. జెండా దిగే దాకా ఎవరూ ఒడ్డుకు దిగకూడదు. అయితే చాలాచోట్ల క్యాప్టెన్ ఒక్కడే పాస్‌పోర్టులు, రిజిస్ట్రేషన్ పత్రం, సిబ్బంది జాబితా నీరు చొరని సంచిలో పెట్టుకుని చిన్న పడవలో ఒడ్డుకు వెళ్తాడు. కొన్ని దేశాల్లో ఆయన కూడా అధికారులు వచ్చే వరకు కదలకూడదు. పని పూర్తయ్యాక పసుపు జెండా దించి, మర్యాదగా ఆ దేశపు జెండా ఎగరేస్తారు. చిరిగిన జెండా కట్టకు, వాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

వీసాల దగ్గరే నాకు ఎక్కువ భయం. విమానంలో వీసా లేకుండా అమెరికా వెళ్లగలిగే దేశాల వాళ్లకు కూడా, సొంత పడవలో వెళ్తే పాస్‌పోర్టులో అసలైన వీసా ఉండాలి. ఆస్ట్రేలియాకు చేరడానికి కనీసం 12 గంటల ముందు, న్యూజిలాండ్‌కు 48 గంటల ముందు సమాచారం ఇవ్వాలి. న్యూజిలాండ్ వాళ్లు పడవ అడుగున నాచు, నత్తలు పట్టి ఉన్నాయేమో కూడా చూస్తారు. ఐరోపాలో రెండు లెక్కలున్నాయి. తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న షెంగెన్ దేశాల్లో బయటి దేశాల మనుషులకు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. ఐరోపా సమాఖ్య బయట నివసించే యజమాని పడవకు మాత్రం పన్ను కట్టకుండా 18 నెలలు. పడవ ఉండవచ్చు, నువ్వు ఉండకూడదు!

ఇద్దరు కుర్రవాళ్లను సిబ్బందిగా తీసుకెళ్తానన్నావు. సంతోషమే. కానీ సిబ్బంది జాబితాలో పేరున్న మనిషి దారిలో దిగిపోతానంటే, ఇమ్మిగ్రేషన్‌లో అతని పేరు తీయించే దాకా బాధ్యత క్యాప్టెన్‌దే. చాలా దేశాలు అతన్ని స్వదేశానికి పంపే ఖర్చు కూడా క్యాప్టెన్ మీదే వేస్తాయి. తిరుగు ప్రయాణానికి వాళ్ల దగ్గర డబ్బుందో లేదో మొహమాటపడకుండా ఇప్పుడే అడుగు.

మందుల పెట్టెలో గట్టి నొప్పి మాత్రలుంటే డాక్టరు చీటీ కూడా పెట్టు, అడిగినప్పుడు దాచకు.

నీ మజిలీలన్నీ వరుసగా రాసి, అందరి పాస్‌పోర్టుల గడువు తేదీలతో సహా నాకు పంపు. ఏ దేశానికి ఏది ముందుగా కావాలో ఇద్దరం కూర్చుని చూద్దాం. అంతవరకు బయల్దేరే తేదీ ఎవరికీ చెప్పకు.

ప్రేమతో,
నీ నేస్తం