ఇంకుతో నెగెటివ్, ఎండలో అచ్చు: మన ఫోటోగ్రఫీ సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నెలనెలా ఫోటో నడకలు, సంక్రాంతి తర్వాతి ప్రదర్శన ఎప్పట్లాగే జరిగాయి. లెక్కలు కోశాధికారి విడిగా చదువుతారు. ఈ ఏడాది మన ఆదివారాలు ఎక్కువగా ఒకే పనికి పోయాయి కాబట్టి నివేదిక కూడా దాని గురించే రాస్తున్నాను. ఫోన్‌లో ఉన్న ఫోటోని ప్లాస్టిక్ షీటు మీద నెగెటివ్‌గా, అంటే వెలుగు నీడలు తారుమారుగా ప్రింటు చేసి, దాంతో సైనోటైప్ అనే నీలం అచ్చు వేయడమే ఆ పని.

సైనోటైప్‌ని ఇంగ్లీషు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టారు. ఫెర్రిక్ అమ్మోనియం సైట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్ ద్రావణాలు సమానంగా కలిపి కాగితానికి పూసి, ఆరాక నెగెటివ్ ఆనించి ఎండలో పెట్టి, తర్వాత నీళ్ళలో కడిగితే నీలం బొమ్మ వస్తుంది. ఇందులో నెగెటివ్ ఎంత ఉంటే బొమ్మ అంతే. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ కూడా పెద్ద గాజు నెగెటివ్‌లను ఆల్బుమెన్ (గుడ్డు తెల్లసొన పూత వేసిన) కాగితానికి ఆనించే అచ్చు తీసేవారు. ఆ గాజు పలక చేసిన పనిని మనం ఇంక్‌జెట్ ప్రింటరుతో చేయించాలి.

మొదటి ఆదివారం ఏదీ కుదరలేదు. జిరాక్స్ షాపులో దొరికే మామూలు ఓహెచ్‌పీ (పారదర్శక ప్లాస్టిక్) షీట్లు తెచ్చాం. అవి లేజర్ ప్రింటరుకి పనికొచ్చేవి. వాటి మీద ఇంకు నిలవక చుక్కలు చుక్కలుగా విడిపోయింది, ముట్టుకుంటే వేలికి అంటింది. ఇంక్‌జెట్ కోసం ప్రత్యేకంగా పూత వేసిన ఫిల్ము తెప్పించాకే పని మొదలైంది. దాని ఖరీదు ఎక్కువ, అందుకే పరీక్షలన్నీ చిన్న ముక్కల మీదే చేశాం. పూత ఏ వైపు ఉందో తెలియకపోతే కొంచెం తడి వేలితో మూల తాకి చూడండి, జిగటగా తగిలేదే పూత వైపు. ఇంకు వైపు కాగితానికి ఆనాలి, లేకపోతే అంచులు మసకబారతాయి. కాబట్టి ప్రింటు ఇచ్చేముందు బొమ్మని అద్దంలోలా తిప్పడం మరచిపోవద్దు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. స్క్రీన్ మీద చక్కగా కనిపించిన నెగెటివ్‌తో వేసిన బొమ్మలో నీడలన్నీ ఒకే ముద్దయ్యాయి, మొహాల్లో వివరాలు తెల్లగా ఎగిరిపోయాయి. మన కంటికి నల్లగా కనిపించే ఇంకు, ఈ అచ్చు వేసే ఎండలోని అతినీలలోహిత కిరణాలని అంతే గట్టిగా ఆపాలని లేదు. కంటిని నమ్మడం మానేసి, ఇంకు సున్నా నుంచి నూరు శాతం దాకా అయిదేసి శాతం తేడాతో 21 గళ్ళ పట్టీ ప్రింటు చేశాం. ముందు ఇంకు లేని ఖాళీ ఫిల్ము కింద కాగితం పూర్తి నీలానికి రావడానికి కనీసం ఎంతసేపు పడుతుందో చూశాం. ఆ సమయాన్ని మార్చకుండా పట్టీని అచ్చు వేశాం. ఏ గళ్ళు కలిసిపోయాయో చూసి, వాటిని విడదీసేలా సాఫ్ట్‌వేర్‌లో కర్వ్ (ఏ ఛాయకి ఎంత ఇంకు పడాలో చెప్పే గీత) సరిచేశాం. మూడోసారికి మెట్లన్నీ విడివిడిగా కనబడ్డాయి. ఆ రోజు ఒక సభ్యురాలు తన అమ్మమ్మ పెళ్ళి ఫోటో వేస్తే, తొట్టిలో నీళ్ళు పోయగానే పట్టుచీర జరీ అంచు తేలింది. చుట్టూ నిలబడ్డవాళ్ళం కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకైతే ఈ ఏడాదికి అదొక్కటి చాలు.

వానాకాలం బాగా ఇబ్బంది పెట్టింది. సరిగ్గా ఆరని కాగితానికి ఫిల్ము అతుక్కుని రెండు మంచి నెగెటివ్‌లు పాడయ్యాయి. అప్పట్నుంచి కాగితాన్ని హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, మధ్యలో పల్చటి పారదర్శక షీటు పెడుతున్నాం. బోరు నీళ్ళతో కడిగితే నీలం వెలిసిపోవడం కూడా చూశాం. క్షారగుణం ఉన్న నీళ్ళు ఈ రంగుకి పడవు. మొదటి కడుగుడు నీళ్ళలో కొంచెం వెనిగర్ కలిపితే ఆ బాధ చాలావరకు తగ్గింది.

మన కర్వ్ ఫైలు కావాలన్నవారికి ఇస్తాం, కానీ దాన్ని నేరుగా వాడకండి. ప్రింటరు, ఇంకు, కాగితం, వీటిలో ఏది మారినా పట్టీ మళ్ళీ వేయాల్సిందే.

వచ్చే వానాకాలం పని ఆగకుండా యూవీ (అతినీలలోహిత) ట్యూబ్‌లతో ఒక పెట్టె చేయించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనికి సభ ఆమోదం కోరుతున్నాను.

కార్యదర్శి