స్పాయిలర్ టేపు నకిలీదని తేలింది, మా కస్టమర్లు తప్పక చదవాలి

నమస్కారం అండీ. ఈ ఎండాకాలంలో మా చేత కారు స్పాయిలర్ (డిక్కీ మీద ఉండే రెక్క) తిరిగి పెట్టించుకున్నవాళ్ళూ, మా దగ్గర కిట్ కొనుక్కుని ఇంటి దగ్గరే అతికించుకున్నవాళ్ళూ ఇది చివరిదాకా చదవండి. మార్చి నుంచి మాకు వచ్చిన డబుల్ సైడ్ టేపు రోల్స్‌లో నకిలీ సరుకు కలిసింది. ఆ టేపుతో చేసిన ప్రతి బండికీ పైసా తీసుకోకుండా మళ్ళీ చేస్తాం. మీరు షాపుకి రానక్కర్లేదు, మేమే ఇంటికి వస్తాం.

పోరంకిలో ఉండే మన పాత కస్టమర్ ఒకాయన గుంటూరు వెళ్తూ కాజ టోల్ ప్లాజా దగ్గర ఆగితే, వెనక కారాయన దిగొచ్చి "స్పాయిలర్ ఒక పక్క లేచి కొట్టుకుంటోందండీ" అని చెప్పాడట. ఊడి పడలేదు కాబట్టి సరిపోయింది. హైవే మీద ఎగిరి వెనక బైకు మనిషికి తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఆ స్పాయిలర్ విప్పి చూశాం. టేపు సగం పెయింటు మీద, సగం స్పాయిలర్ అడుగున ఉంది. టేపు మధ్యలో స్పాంజిలా ఉండే నురుగు పొర చీలిపోయింది. వేలితో రాస్తే పొడిపొడిగా రాలింది.

సప్లయర్‌కి ఫోన్ చేశాను. ఏళ్ళ తరబడి ఆయన దగ్గరే కొన్నాను, ఏనాడూ బేరం ఆడలేదు. "ఎండకి ఏ టేపైనా అంతే తమ్ముడూ, మీ కుర్రాళ్ళు సరిగ్గా తుడిచి ఉండరు" అన్నాడు. డబ్బు పోయినా ఊరుకునేవాణ్ణేమో గానీ ఆ మాటకి మాత్రం ఒళ్ళు మండింది. మా కుర్రాళ్ళు ముందు షాంపూ నీళ్ళతో కడుగుతారు. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సగం సగం కలిపి, గుడ్డ మార్చి మార్చి తుడుస్తారు. మీ సెల్లార్లలో మీరు పక్కనే నిలబడి చూసిన పనే అది. పైగా తుడవడంలో లోపం ఉంటే టేపు మొత్తం పెయింటు మీద నుంచి శుభ్రంగా ఊడి రావాలి. రెండు వైపులా గట్టిగా పట్టుకుని మధ్యలో నురుగే పొడైందంటే తేడా టేపులోనే ఉంది.

నోటితో వాదించడం ఎందుకని ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ షెడ్డు నుంచి పాత డిక్కీ డోరు తెప్పించాను. దాని మీద ఆయనిచ్చిన టేపు ఒక పక్క, టేపు కంపెనీ డీలర్ దగ్గర బిల్లుతో కొన్న టేపు ఇంకో పక్క, రెండిటికీ ఒకే బరువు కట్టి ఎండలో పెట్టాం. సాయంత్రానికి ఆయన టేపు బరువుతో సహా కింద ఉంది. రెండోది కదల్లేదు. వీడియో పంపిస్తే చూశాడు, జవాబు లేదు. మిగిలిన రోల్స్ వెనక్కి పంపేశాను, డబ్బు రాలేదు. రేపు వడ్డీతో సహా ఇచ్చినా నేను ఆ గుమ్మం తొక్కను.

మీ దగ్గర మిగిలిన ముక్క ఉంటే లాగి చూడండి. అసలైన యాక్రిలిక్ నురుగు టేపు బబుల్‌గమ్‌లా నెమ్మదిగా సాగుతుంది. నకిలీది కొంచెం లాగగానే పుటుక్కున తెగుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ సతాయించింది డ్రిల్లు విషయం. ఈ సంగతి తెలిశాక చాలామంది "టేపు గొడవ మనకెందుకు, డిక్కీకి కన్నాలు పెట్టి బోల్టులు బిగించెయ్యండి" అన్నారు. అడిగినవాళ్ళలో మొదటి నుంచీ నన్ను నమ్ముకున్నవాళ్ళున్నారు. కాదంటే పక్క షాపుకి వెళ్తారని తెలుసు, కొందరు వెళ్ళారు కూడా. బాగా ఆలోచించాను, మా ఆవిడతో వాదించాను, చివరికి వద్దనే అనుకున్నాను. డిక్కీ రేకు పల్చన. డ్రిల్లు పెట్టగానే కంపెనీ వేసిన పూత, పెయింటు తెగి అంచున పచ్చి ఇనుము బయటపడుతుంది. ఒక వానాకాలం గడిచేసరికి తుప్పు పెయింటు కిందుగా పాకుతుంది, డిక్కీలోకి నీళ్ళు దిగుతాయి. రేపు స్పాయిలర్ వద్దనుకుంటే కన్నం పూడ్చి డోరు మొత్తానికి పెయింటు వేయించాలి. కంపెనీ కన్నాలున్న బండికి బోల్టులు వేస్తాను, లేని బండికి ఎంతిచ్చినా నా చేత్తో డ్రిల్లు పెట్టను.

కంపెనీ బోల్టులతో వచ్చిన స్పాయిలర్లకి పాత పద్ధతే. రబ్బరు వాషర్ వేసి, నట్టు చేత్తో తిప్పి, ఆపైన స్పానర్‌తో కాస్తంతే బిగిస్తాం. ఎక్కువ బిగిస్తే స్పాయిలర్ చేసిన ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ పగులుతుంది. బోల్టు పట్టే కాలు దగ్గరే అడ్డంగా పగిలి ఉంటే మాత్రం అతుకు వేసి పెట్టం, కొత్తది కొనుక్కోమంటాం.

టేపు పని ఇకపై పొద్దున్నే, లేదా సెల్లార్ నీడలోనే చేస్తాం. అతికించిన 20 నిమిషాలకి టేపు సగం పట్టు పడుతుంది, 24 గంటలకి దాదాపు 90 శాతం, పూర్తిగా పట్టడానికి 72 గంటలు. అందుకే ఒక రోజు బండి కదపొద్దు, మూడు రోజులు కడగొద్దు, హైవే ఎక్కొద్దు. "సాయంత్రం పెళ్ళికి వెళ్ళాలి, కానిచ్చెయ్యండి" అంటే ఇక ఒప్పుకోను. డీలర్ టేపు ఖరీదెక్కువ కాబట్టి కొత్తగా చేయించుకునేవాళ్ళకి రేటు కొంచెం పెరుగుతుంది. పాతవాళ్ళకి చెప్పానుగా, ఉచితం.

మేము వచ్చేలోపు స్పాయిలర్ రెండు చివరలూ వేలితో మెల్లగా ఎత్తి చూడండి. కదిలితే ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి. హెయిర్ డ్రయర్‌తో అంచుని వేడి చేసి, చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు వేసి, గేలానికి వాడే నైలాన్ దారం అడుగున దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే వచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించొద్దు. జిగురు పోవడానికి థిన్నర్ అసలే వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. స్పాయిలర్‌లో బ్రేక్ లైటు ఉంటే వైరు ప్లగ్గు లోపల నుంచి ముందే తీసేయండి. కదలకపోయినా మేము వచ్చి మార్చేదాకా హైవే ఎక్కకండి. బండి నంబరు, స్పాయిలర్ ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. రోజూ హైవే మీద తిరిగేవాళ్ళకి ముందు వస్తాం, ఊళ్ళోనే తిరిగేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.