తుపాను ప్రణాళికలో ఆడవాళ్లు ఎక్కడ?

తుపాను ముందస్తు ప్రణాళికల్లో ఎన్ని పడవలు, ఎన్ని బియ్యం బస్తాలు అన్న లెక్క ఉంటుంది గానీ, ఆడవాళ్ల అవసరాలు, పల్లపు వాడల్లో ఉండే పేదల కష్టాలు కనిపించవు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటుతున్నప్పుడు మా ఊరి బడిలో ఏర్పాటు చేసిన పునరావాస కేంద్రంలో నేనూ ఉన్నాను. అంతమందికీ రెండే మరుగుదొడ్లు. ఒకదానికి లోపల గడియ లేదు, కరెంటు పోయాక రెండింట్లోనూ చీకటే. అక్కడికి వెళ్లాల్సి వస్తుందని ఆడవాళ్లు చీకటి పడకముందే మంచినీళ్లు తాగడం మానేశారు. నెలలు నిండిన ఒక అమ్మాయి తెల్లవార్లూ గోడకు చేరగిలబడి కూర్చునే ఉంది. పులిహోర పొట్లాలు, కొవ్వొత్తులు వచ్చాయి, శానిటరీ ప్యాడ్లు కావాలని మాత్రం ఎవరికీ తోచలేదు. కాలువ గట్టు కింది దళితవాడలోకి అప్పటికే మోకాలి లోతు నీళ్లు వచ్చేశాయి. సాయం పంచడంలో కులం, లింగం, మతం పేరుతో వివక్ష ఉండరాదని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించాలని కూడా ఆ చట్టమే అంటోంది. ఆ సమీక్షలో డ్వాక్రా సంఘాల మహిళలను, కౌలు రైతులను, వ్యవసాయ కూలీలను కూర్చోబెట్టాలి. గర్భిణులు, ఒంటరి మహిళలు, దివ్యాంగులు ఏ ఇంట్లో ఉన్నారో ఆశా కార్యకర్తలకు తెలుసు. వాళ్ల సాయంతో సెప్టెంబరులోగా జాబితా సిద్ధం చేసి, ముందుగా తరలించాల్సింది వారినేనని రాతపూర్వకంగా ఆదేశించాలి. ప్రతి కేంద్రంలో ఆడవాళ్లకు గడియ, సౌర దీపం ఉన్న విడి మరుగుదొడ్లు, రాత్రి విధుల్లో ఒక మహిళా ఉద్యోగి తప్పనిసరిగా ఉండాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, కోనసీమ